గీజర్ పక్కన ఆ చిన్న ట్యాంకు ఎందుకొచ్చింది?

పోయిన నెల డల్లాస్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఒరేయ్, గరాజ్‌లో వాటర్ హీటర్ సేఫ్టీ వాల్వ్ కారుతూనే ఉందిరా. ప్లగ్ పెట్టి మూసేయనా?" "బావా, ఆ పని మాత్రం చేయకు!" అని అరిచా. ఎందుకో చెప్పాలంటే 150 ఏళ్లు వెనక్కి వెళ్లాలి.

1868, లండన్. బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రం తయారుచేశాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరే దానికీ పెట్టాడు: గీజర్. మన బాత్రూమ్‌లో ఇప్పటికీ అదే పేరు. కానీ అందులో పొగ బయటికి పోయే గొట్టమే లేదు! తర్వాత 1889లో, నార్వే నుంచి అమెరికా వెళ్లిన ఎడ్విన్ రూడ్ అనే ఇంజినీర్, పిట్స్‌బర్గ్‌లో ఆటోమేటిక్‌గా పనిచేసే ట్యాంకు హీటర్ తెచ్చాడు.

ఇక్కడే అసలు చిక్కు. నీళ్లు వేడెక్కితే వ్యాకోచిస్తాయి. 20 డిగ్రీల నీళ్లని 60కి తెస్తే సుమారు ఒకటిన్నర శాతం పెరుగుతాయి. మా బావ ఇంట్లోది 190 లీటర్ల ట్యాంకు. అంటే దాదాపు 3 లీటర్లు ఎక్స్‌ట్రా. అవి ఎక్కడికి పోవాలి?

బ్రిటన్‌లో అటకమీద తెరిచిన ట్యాంకు ఉండేది, అందులోకి పోయేవి. పూర్తిగా మూసేసిన సిస్టమ్‌కి అక్కడ 1980లలో గానీ అనుమతి రాలేదు. అమెరికాలో అయితే నేరుగా వీధి పైపులోకి వెనక్కి వెళ్లిపోయేవి.

మరి ఆ దారి ఎందుకు మూశారు? 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతుంటే, హోటళ్లలో లోపాలున్న పైపుల వల్ల మురుగు తాగేనీళ్లలో కలిసింది. అమీబిక్ విరేచనాలతో వందకు దగ్గరగా జనం చనిపోయారు. మురికినీళ్లు మంచినీళ్లలోకి రాకుండా ఆపడం ఎంత ముఖ్యమో ఆ దెబ్బతో తెలిసొచ్చింది. పోను పోను ఇళ్ల మీటర్ల దగ్గర కూడా నీళ్లు వెనక్కి పోకుండా ఆపే వాల్వులు వచ్చాయి. ఊరి నీళ్లు సేఫ్. కానీ ఇంట్లో పెరిగిన ఆ 3 లీటర్లకి దారి మూసుకుపోయింది!

దానికి జవాబే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. చన్నీళ్ల లైన్‌మీద ఉండే చిన్న డబ్బా. లోపల రబ్బరు పొర: ఒకవైపు గాలి, ఇంకోవైపు నీళ్లు. పెరిగిన నీళ్లు గాలిని నొక్కి అక్కడ సర్దుకుంటాయి. ఏళ్లు గడిస్తే గాలి తగ్గుతుంది, లేదా రబ్బరు చిరుగుతుంది. అప్పుడు ప్రెషర్ పెరిగి సేఫ్టీ వాల్వ్ కారుతుంది.

బావతో ఆ ట్యాంకుని వేలితో తట్టించా. బాగుంటే ఒకవైపైనా బోలుగా మోగాలి. "అంతా నిండుకుండలా ఉందిరా" అన్నాడు. గాలి వాల్వ్ పిన్ నొక్కమన్నా. గాలికి బదులు నీళ్లొచ్చాయి. అంటే రబ్బరు పోయినట్టే, మార్చాల్సిందే. ముందు హీటర్ ఆపాలి, మెయిన్ వాల్వ్ కట్టాలి, కొళాయి తిప్పి ప్రెషర్ వదలాలి. కొత్త ట్యాంకులో గాలిని బిగించకముందే ఇంటి నీళ్ల ప్రెషర్‌కి సమానంగా కొట్టాలి. ఈ చివరిదే చాలామంది మర్చిపోతారు. బావ ప్లంబర్‌ని పిలిచి మార్పించాడు, కారడం ఆగింది.

మరి మనకి? డాబామీద ట్యాంకు ఉంటే, మధ్యలో అడ్డు లేకపోతే, పెరిగిన నీళ్లు పైకే పోతాయి. ప్రెషర్ పంపు, దానితోపాటు వన్‌వే వాల్వ్ పెట్టించిన ఫ్లాట్లలో మాత్రం అచ్చం బావ ఇంటి కథే. గీజర్ వాల్వ్ చుక్కలు చుక్కలుగా కారుతుంది. చిరాగ్గా ఉంటుంది నిజమే. కానీ దాన్ని మూసేశాక థర్మోస్టాట్ కూడా ఫెయిలైతే, గీజర్ పేలిపోవచ్చు.

కాబట్టి ఈ వీడియో అయ్యాక ఒకసారి మీ గీజర్ కింద చూడండి. వాల్వ్‌కి ఎవరైనా ప్లగ్ బిగించి ఉంటే, స్విచ్ ఆపేసి ఇవాళే ప్లంబర్‌ని పిలవండి. ఉంటా మరి, బై!