జతపరచిన ఉత్తరాలు

ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన నాకు ఒక అలవాటు మిగిలిపోయింది. ఏ కాగితం చేతికొచ్చినా ముందు జతపరచిన కాగితాలు తిప్పి చూస్తాను. పై ఉత్తరంలో మర్యాదలుంటాయి, అసలు సంగతి వెనకాల ఉంటుంది. ప్రభుత్వాలు పొరుగు దేశానికి సైన్యాన్ని ఎందుకు పంపుతాయో కూడా నాకలాగే అర్థమయింది.

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. వెంటనే మన శాంతి సేన జాఫ్నాకు బయలుదేరింది. మొదట వెళ్లిన 54వ డివిజన్ మన సికింద్రాబాదుదే. తమిళులను కాపాడడానికి వెళ్తున్నారని మేమంతా ఆఫీసులో టీ తాగుతూ చెప్పుకున్నాం. అది అబద్ధమేమీ కాదు. 1983 మారణకాండ తర్వాత వేలమంది శరణార్థులు తమిళనాడుకు వచ్చారు. ఒప్పందానికి ముందు జూన్ 4న మన విమానాలు జాఫ్నాపై ఆహారం, మందులు జారవిడిచాయి కూడా.

కాని ఆ రోజే ఇద్దరు నాయకులూ ఇచ్చిపుచ్చుకున్న ఉత్తరాలున్నాయి. ట్రింకోమలీ రేవును మన ప్రయోజనాలకు భంగం కలిగేలా ఏ దేశపు సైనిక అవసరాలకూ ఇవ్వరాదు. అక్కడి చమురు ట్యాంకులను ఉభయులూ కలిసి నడపాలి. విదేశీ గూఢచారుల విషయం, విదేశీ రేడియో ప్రసారాల విషయం పరిశీలించాలి. ఢిల్లీని అంత తొందరపెట్టినది ఈ భయమేనని నా అభిప్రాయం. హిందూ మహాసముద్రంలోకి మరో పెద్ద దేశం వచ్చి కూర్చుంటుందన్న భయం!

ఇంకొక లోపం ఏ గుమాస్తా అయినా పట్టేస్తాడు. ఆయుధాలు అప్పగించవలసిన ప్రభాకరన్ సంతకం ఆ ఒప్పందంలో లేదు. అంతకుముందు ఆ తమిళ యువకులకు శిక్షణ ఇచ్చింది మనమే కనుక, చెప్పినట్లు వింటారనుకున్నారు. అక్టోబరులో వారితోనే యుద్ధం వచ్చింది. జాఫ్నా విశ్వవిద్యాలయం వద్ద హెలికాప్టర్లలో దిగిన 30 మంది సిక్కు జవాన్లలో 29 మంది ఒక్కరోజులో చనిపోయారు. 1990 మార్చి 24న చివరి దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మందిని పోగొట్టుకున్నాం. మధ్యలో అధ్యక్షుడైన ప్రేమదాస మనల్ని వెళ్లిపొమ్మనడమే కాక, పులులకు ఆయుధాలు కూడా ఇచ్చాడు.

ఆ చమురు ట్యాంకులంటారా, 2003లో ఇండియన్ ఆయిల్ అక్కడ అడుగుపెట్టింది. 2022 జనవరిలో ఉమ్మడి అభివృద్ధికి మళ్లీ ఒప్పందాలు కుదిరాయి. వాటికి సైన్యం వెళ్లలేదు.

మా వీధిలోని రిటైర్డు హవల్దారు గారు ఆ సేనలో వెళ్లివచ్చినవారే. ఈ సంగతి చెబితే, "ట్యాంకుల మాట అప్పుడు మాకెవరూ చెప్పలేదండీ" అన్నారు.