జీతం ఆయనకి, చుక్కాని ఆవిడకి: ఇంగ్లాండ్ కాలువ పడవల మీద మొగుడూ పెళ్ళాలు

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధం కూడా మధ్యలో కాసేపే వస్తుంది. రెండు పడవలు, వాటిని నడిపిన ఒక జంట, అంతే. జరిగింది ఇంగ్లాండ్‌లో.

మీరు యూట్యూబ్‌లో ఇంగ్లాండ్ కాలువల వీడియోలు చూసే ఉంటారు. సెలవులకి పొడుగాటి రంగురంగుల పడవ అద్దెకి తీసుకుని జంటలు తిరుగుతుంటారు. నేను చూసిన చాలా వీడియోల్లో ఆయన వెనక నిలబడి చుక్కాని పట్టుకుంటాడు. ఆవిడేమో గట్టు మీదకి దూకి తాడు కడుతుంది, లాకు దగ్గర గేట్లు తోస్తుంది. బరువు పని ఆవిడది, నిలబడే పని ఆయనది అన్నమాట. ఇది చూసి "పాతకాలం నుంచీ ఇంతేలే" అనుకుంటాం. కానీ ఆ పడవలు సరుకు మోసిన రోజుల్లో అలా లేదు. చుక్కాని ఇద్దరి చేతుల్లోనూ ఉండేది. పైగా కష్టమైన చుక్కాని ఆవిడదే.

ముందు కాలువల సంగతి. 1761లో బ్రిడ్జ్‌వాటర్ డ్యూక్ తన గనుల్లోని బొగ్గు మాంచెస్టర్ చేర్చడానికి కాలువ తవ్వించాడు. బొగ్గు చవకైంది, డ్యూక్‌కి డబ్బు వచ్చింది, దాంతో దేశమంతా కాలువల పిచ్చి పట్టుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చాలాచోట్ల లాకులు సన్నగా, ఏడడుగుల వెడల్పుతో కట్టారు. అందుకే పడవ కూడా ఏడడుగుల లోపే. పొడవు మాత్రం 70 అడుగులు. అంటే రెండు ఆర్టీసీ బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి పెట్టినంత పొడుగు, వెడల్పు మాత్రం బస్సు కంటే తక్కువ. లాకులంటే ఏంటో గోదావరి జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక అక్కడి కాలువల్లో పడవలు తిరిగింది ఆ లాకుల మీదుగానే. మిగతావాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే, నీళ్ళు నింపి, ఖాళీ చేసి పడవని పైకెక్కించే, కిందికి దింపే మెట్టు అది.

మొదట్లో ఈ పడవల మీద పనిచేసింది ఎక్కువగా మగవాళ్ళే. ఇల్లు ఊళ్ళో, ఉద్యోగం నీటి మీద. తర్వాత రైలు వచ్చింది. సరుకు రవాణా రేట్లు పడిపోయాయి. అద్దె కట్టాలి, తోడు పనివాడికి కూలీ ఇవ్వాలి, మిగిలేదేమీ లేదు. అప్పుడు పడవవాడు ఇల్లు ఖాళీ చేసి, భార్యాపిల్లల్ని పడవెక్కించాడు. అద్దె మిగిలింది, పనివాడి కూలీ మిగిలింది. ఆ పనివాడి పని భార్య మీద పడింది, కూలీ మాత్రం ఆమె చేతికి రాలేదు. కంపెనీ ట్రిప్పుకి ఇంత, టన్నుకి ఇంత అని కెప్టెన్‌కి ఇచ్చేది. కెప్టెన్ అంటే ఆయనే.

గుర్రాలు లాగే రోజుల్లో పని పంపకం సింపుల్. ఒకరు గట్టు మీద గుర్రంతో నడవాలి, ఇంకొకరు వెనక చుక్కాని పట్టాలి. భార్య చుక్కాని పడితే భర్త గుర్రంతో నడిచేవాడు, అలిసిపోతే మార్చుకునేవాళ్ళు, కాస్త ఎదిగిన పిల్లలుంటే గుర్రం వాళ్ళకి.

అసలు కథ ఇంజన్ వచ్చాక మొదలవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మోటారు పడవలొచ్చాయి. ఒక మోటారు పడవ, తన వెనక ఇంజన్ లేని ఇంకో పడవని తాడుతో లాగుతుంది. వెనక దాన్ని 'బట్టీ' అంటారు. రెండూ కలిపి యాభై టన్నుల దాకా సరుకు. ముందు మోటారు మీద భర్త, వెనక బట్టీ మీద భార్య. దాదాపు ప్రతి జంటదీ ఇదే పద్ధతి.

ఎందుకలా? నాకు తోచిన ముఖ్య కారణం పొయ్యి. కుటుంబం కాపురం ఉండే గది బట్టీలోనే ఉండేది. పది అడుగుల పొడుగు గది, అందులోనే వంట, పడక, పిల్లలు. చుక్కాని పట్టేవాళ్ళు ఆ గది గుమ్మంలోనే నిలబడతారు. అంటే ఆవిడ ఒక చేత్తో పడవ తిప్పుతూనే లోపల పొయ్యి మీద ఏముందో, పసిబిడ్డ ఏం చేస్తోందో చూసుకోవచ్చు. కాస్త పెద్ద పిల్లలు నీళ్ళలో పడకుండా గది పైకప్పు మీద తాడుతో కట్టేసేవాళ్ళు. వినడానికి ఘోరంగా ఉంది కదా? కానీ చుట్టూ నీళ్ళు, ఆగడానికి టైమ్ లేదు. నాకు తల్లుల్ని తప్పుపట్టాలనిపించదు.

ఇప్పుడు బట్టీ నడపడం ఎందుకు కష్టమో వినండి. మోటారుకి ఇంజన్ ఉంది, రివర్స్ ఉంది. ఆపాలంటే రివర్స్ వేస్తాడు. బట్టీకి బ్రేకే లేదు. పాతిక టన్నుల బరువుతో ముందు పడవ వెనకాలే వస్తుంది, ముందుది ఆగితే ఇది ఆగదు. ఇంకో చిక్కు ఏంటంటే, చుక్కానికి నీటి ఒరిపిడి తగిలితేనే పడవ తిరుగుతుంది. మోటారులో ఫ్యాన్ తోసే నీరు నేరుగా చుక్కాని మీద పడుతుంది. బట్టీకి ఆ సాయం లేదు. నెమ్మదిస్తే పడవ మాట వినదు, స్పీడుగా వస్తే ఆపలేం. అందుకే దాని చుక్కాని అంత పెద్దది, చెక్కతో చేసిన పొడుగాటి పిడితో ఉంటుంది. కుడికి తిరగాలంటే పిడిని ఎడమకి తోయాలి, అది వేరే సంగతి.

లాకు దగ్గర సీన్ ఊహించుకోండి. వెడల్పు లాకైతే రెండు పడవలూ పక్కపక్కన పడతాయి. మోటారు ముందు దూరి ఒక పక్కకి సర్దుకుంటుంది. లాగే తాడు విప్పేశారు. బట్టీ తన ఊపు మీద తనే వస్తోంది. ఆవిడ దాన్ని మోటారుకి, గోడకి మధ్య సందులోకి సరిగ్గా దూర్చాలి, ఖాళీ కొన్ని అంగుళాలే. దూరుతుండగానే చేతిలో తాడుతో గట్టు మీదకి దిగి, అక్కడ పాతిన గుంజకి ఒకటి రెండు చుట్లు వేసి, తాడుని కొద్దికొద్దిగా జారనిస్తూ పడవని ఆపాలి. ఒక్కసారిగా బిగిస్తే తాడు తెగుతుంది. వదిలేస్తే పడవ వెళ్ళి ఎదురు గేటుని గుద్దుతుంది. చుట్టులో వేలు ఇరుక్కుంటే వేలు పోతుంది. వర్షంలో, మంచులో, కడుపుతో ఉన్నా ఇదే పని. లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి గ్రాండ్ యూనియన్ కాలువ 137 మైళ్ళు, 166 లాకులు. సన్న లాకులున్న కాలువల్లో ఇంకా ఘోరం. ఒక్కో పడవ విడిగా వెళ్ళాలి. మోటారు దాటేశాక బట్టీని మనుషులే తాడు భుజానేసుకుని లాగాలి. మన డెల్టా కాలువల్లో కూడా గట్టు మీద నడుస్తూ పడవలు లాగిన మనుషులున్నారు, ఆ బరువు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు.

అప్పట్లో పై వర్గాల వాళ్ళకి ఈ కుటుంబాలు కనబడింది వేరే కోణంలో. జార్జ్ స్మిత్ అనే ఆయన, పడవల మీద జనం కిక్కిరిసి ఉన్నారు, పిల్లలకి చదువు లేదు అని ఉద్యమం నడిపాడు. 1877లో చట్టం వచ్చింది. పడవలు రిజిస్టర్ చేయాలి, గదిలో ఇంతమందే ఉండాలి అని. 1884లో దాన్ని ఇంకాస్త గట్టి చేశారు. పిల్లల చదువు గురించి ఆయన చెప్పింది నిజమే. కానీ గదిలో ఎంతమంది పడుకుంటున్నారని లెక్కపెట్టినవాళ్ళు, ఎంతమంది పనిచేస్తుంటే ఎంతమందికి జీతం వస్తోందో లెక్కపెట్టలేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. 1923లో ఫెలోస్, మార్టన్ అండ్ క్లేటన్ అనే పెద్ద కంపెనీ కూలీ తగ్గిస్తానంటే, బ్రాన్‌స్టన్ దగ్గర పడవలు కట్టేసి మూడు నెలలకు పైగా సమ్మె చేశారు. కోత పడింది కెప్టెన్ కూలీకే, కానీ దానివెనక ఉన్న చేతులు నాలుగు, ఆరు, ఎనిమిది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఒక విచిత్రం జరిగింది. మనుషులు చాలక, గ్రాండ్ యూనియన్ కంపెనీ పడవల మీద పనికి ఊళ్ళలో పెరిగిన అమ్మాయిల్ని తీసుకుని ట్రైనింగ్ ఇచ్చారు. వాళ్ళ బ్యాడ్జి మీద 'ఐ డబ్ల్యూ' అని ఉండేది, లోతట్టు జలమార్గాలు అని దాని అర్థం. జనం దాన్ని సరదాగా 'ఐడిల్ విమెన్' చేశారు, అంటే సోమరి ఆడవాళ్ళు! ఒక జత పడవలకి ముగ్గురు అమ్మాయిలు. లండన్ నుంచి సరుకుతో బర్మింగ్‌హామ్, అక్కడి నుంచి ఖాళీగా కోవెంట్రీ వైపు, బొగ్గు ఎత్తుకుని మళ్ళీ లండన్ వైపు. వాళ్ళలో ఎమ్మా స్మిత్, సూజన్ వుల్ఫిట్ తర్వాత పుస్తకాలు రాశారు, అందుకే ఈ పని ఎలా ఉండేదో మనకి ఇంత వివరంగా తెలుసు. గమనించండి, ముగ్గురు! ఒక భార్య పిల్లల్ని చూసుకుంటూ, వంట చేస్తూ భర్తతో కలిసి చేసిన పనికి, కంపెనీ లెక్కలో ముగ్గురు మనుషులు కావాల్సి వచ్చింది. ఈ అమ్మాయిలకి వాళ్ళ పనికి డబ్బు వాళ్ళకే వచ్చేది.

తర్వాత అంతా గబగబా అయిపోయింది. 1948లో కాలువలు ప్రభుత్వం చేతికొచ్చాయి. లారీలు పెరిగాయి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి, పడవలు ఎక్కడివక్కడ ఇరుక్కుపోయాయి. 1963లోనే ప్రభుత్వ సంస్థ సన్న పడవల రవాణా చాలావరకు ఆపేసింది. పడవే ఇల్లు కాబట్టి పనితోపాటు చాలామందికి ఇల్లు కూడా పోయింది.

జో, రోజ్ స్కిన్నర్ అనే జంట మాత్రం ఆక్స్‌ఫర్డ్ కాలువ మీద 1959 దాకా ఇంజన్ లేకుండానే, కంచరగాడిదతో నడిపారు. సొంత పడవ, కంపెనీది కాదు. దాని పేరు 'ఫ్రెండ్‌షిప్'. ఇప్పుడది ఎల్స్‌మియర్ పోర్ట్‌లోని జలమార్గాల మ్యూజియంలో ఉంది. యూకేలో చదువుకుంటున్న మనవాళ్ళు లివర్‌పూల్ వైపు వెళ్తే, ఓ పూట అటు వెళ్ళి ఆ గది గుమ్మం చూసి, ఫొటో తీసి కామెంట్లలో పెట్టండి.