కొలతల పుస్తకంలో చివరి పేజీలు

బుధవారం సాయంత్రం ఆరున్నర. వారాసిగూడలో మా ముందుగది. మిషను మీద ఆకుపచ్చ పట్టు జాకెట్టు ఉంది. ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం. దండెం మీద ఇంకా తొమ్మిది జాకెట్లున్నాయి, కొన్నింటికి హుక్కులు, కొన్నింటికి చేతులు కుట్టాలి. సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను, సూది కన్ను కనబడదు. ఆ చోట ఒక మెరుపు. రంపపు పళ్ళలాంటి వంకర గీత జరీలా మినుకుమంటూ కుడివైపుకు పాకుతోంది.

ఇక నాకు ఉన్నది ఇరవై నిమిషాలు.

బియ్యం కడిగి కుక్కరు పెడతాను. మిషను మీద గుడ్డ కప్పుతాను. బకెట్టు తెచ్చి చాప పక్కన పెట్టుకుంటాను. ఇంతలో మెరుపు ఆరిపోయి ఎడమ కణత కొట్టుకోవడం మొదలవుతుంది. ఒక్కో దెబ్బా కంటి వెనకనుంచి మెడలోకి దిగుతోంది. పక్కింటి పోపు వాసనకు కడుపులో తిప్పుతుంది. కుక్కరు కూత నెత్తిమీదే వేసినట్టుంది. చున్నీ తడిపి తలకు బిగించి, గోడవైపు తిరిగి పడుకుంటాను.

అమ్మ ఉన్నప్పుడు శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. నాన్న అమృతాంజనం రాస్తూ, అది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిందని చెప్పేవాడు. ఆ పసుపు మందు చల్లదనం కాసేపు ఊరటనిచ్చేది. ఇప్పుడా వాసన కూడా భరించలేను.

"అమ్మా, దవాఖానకు పోదామా?" గుమ్మంలో మా బాబు.

"వద్దు బిడ్డా. లైటు బంద్ చెయ్."

పోయిన ఎండాకాలం ఇలాంటి రాత్రే ఒక ప్రైవేటు ఆస్పత్రికి పోయాం. గ్లూకోజు, రెండు ఇంజెక్షన్లు, తలకు స్కానింగు. తెల్లారి చేతికిచ్చిన బిల్లు నా నెల కుట్టుకూలి. బీరువాలో ఆరోగ్యశ్రీ కార్డుంది. 2007లో వచ్చిన పథకం, మన రాష్ట్రంలో 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచారు. మా ఆడబిడ్డ గుండె ఆపరేషను దాంతోనే అయింది, ఆ కార్డుకు నేను దండం పెడతాను. కానీ అది ఆస్పత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సలను ఆదుకునేది. నెలలో పది రోజులు పడగొట్టి పోయే నొప్పికి మందులు కొనిపెట్టదు. బట్టల కంపెనీలో కుట్టినప్పుడు ఈఎస్ఐ ఉండేది. ఇప్పుడు ఇంట్లోనే కుట్టుకుంటున్నాను, అదీ లేదు.

అందుకని దిండు కింద గోలీల పట్టీ. పొద్దున ఒకటి వేసుకున్నాను. ఇప్పుడు ఇంకొకటి. నోట్లో నీళ్ళు ఆగకుండానే కక్కేస్తాను.

శుక్రవారం ఎవరి జాకెట్టు వాళ్ళకు అందలేదు. ఒకామె గుమ్మంలో నిలబడి, "తలనొప్పికే ఇంతనా అక్కా?" అని అడిగింది. చెయ్యి విరిగితే కట్టు కనబడుతుంది. దీనికి చూపించడానికి ఏముంది?

శనివారం బస్తీ దవాఖాన. 2018 నుంచి నగరంలో పెడుతున్న ఈ చిన్న దవాఖానల్లో చూపించుకోవడానికి పైసా అక్కరలేదు. అక్కడి డాక్టరమ్మ చీటీ రాసి పెద్ద దవాఖానకు పంపింది. సోమవారం పొద్దున నేను అక్కడి నరాల డాక్టరు ముందు కూర్చున్నాను. చేతిలో నా కొలతల పుస్తకం. ముందు పేజీల్లో చాతీ, నడుము, చేతి పొడవు. వెనక పేజీల్లో నొప్పి వచ్చిన రోజుకొక గీత, మింగిన గోలీకొక చుక్క.

డాక్టరు బీపీ చూశాడు, కళ్ళలోకి లైటు వేశాడు, గీత మీద నడిచినట్టు నడిపించాడు. తర్వాత వెనక పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు.

"ఎప్పటినుంచమ్మా?"

"పన్నెండేండ్ల సంది సార్."

"ఇది పార్శ్వపు నొప్పి, మైగ్రేన్. గీతలకన్నా చుక్కలు ఎక్కువున్నయి చూడు. ఈ రెండు మూడు మందులు కలిపిన గోలీలు నెలకు పది రోజులు, ఉత్త పారాసెటమాల్ అయితే పదిహేను రోజులు, అట్ల మూడు నెలలు దాటి వాడితే ఆ గోలీలే కొత్త నొప్పి పుట్టిస్తయి."

ఉబ్బసం ఉందా అని అడిగి, లేదన్నాక, రోజూ వేసుకోవడానికి ప్రొప్రనొలాల్ రాశాడు. నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, రాకుండా ఆపేది. గుణం తెలియడానికి రెండు నెలలైనా ఓపిక పట్టాలన్నాడు. నొప్పి మొదలైనప్పటికి వేరే గోలీ, వారానికి రెండు రోజులకు మించకుండా. దాన్నీ మొదట్లోనే మింగాలి, ముదిరాక కడుపు మందును సరిగ్గా పట్టుకోదట. చివరికి వేలు చూపించి చెప్పాడు: "ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా ఆగొద్దు. 108కు ఫోన్ చెయ్."

మందులు అక్కడి కిటికీలోనే ఉచితంగా ఇచ్చారు.

పాత గోలీలు మానిన మొదటి వారం మాత్రం నేనింతవరకు పడనంత పడ్డాను. నాలుగో రాత్రి చెప్పులేసుకుని మందుల షాపు దాకా పోయాను. షట్టరు ముందు నిలబడి, పుస్తకంలో ఆ చుక్కల వరస గుర్తు తెచ్చుకుని, ఉత్తచేతులతో తిరిగొచ్చాను. పదో రోజున మెలకువ వచ్చేసరికి తల తేలిగ్గా ఉంది. కాసేపు కదలకుండా అలాగే పడుకున్నాను, నమ్మకం కుదరక.

తిండివేళ తప్పనివ్వడం లేదు. రాత్రి పదికల్లా మిషను ఆపేస్తున్నాను. శ్రావణంలో పంతొమ్మిది గీతలు. కార్తీకంలో ఏడు. ఆ ఏడు రోజులూ అదే చీకటి గది, అదే బకెట్టు. నొప్పి పోలేదు. కానీ మిగతా రోజులు నావయ్యాయి.

ఇప్పుడు పొద్దున పదకొండు. ఎదురింటి అమ్మాయి పెళ్ళి జాకెట్టు గుడ్డ తెచ్చింది. టేపు తీసి కొలతలు రాసుకుంటున్నాను.

"ఎప్పటికిస్తవ్ అక్కా?"

ఏళ్ళ తరబడి ఈ మాటకు "జూద్దాం" అనే చెప్పాను. ఏ రోజు నాదో, ఏ రోజు నొప్పిదో నాకే తెలిసేది కాదు.

"గురువారం," అంటాను. పేరు పక్కన రాసి, కింద గీత కొడతాను.