స్టాప్‌వాచ్‌కు అందనివాళ్లు

1945లో ఆట మానేసేనాటికి డాన్ హట్సన్ పట్టి, ఎదుటి జట్టు గీత దాటించి స్కోరు చేసిన టచ్‌డౌన్ పాసులు 99. అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఆ అంకె 44 ఏళ్లు చెక్కుచెదరలేదు. 1989 డిసెంబరులో స్టీవ్ లార్జెంట్ వందోది పట్టి దాన్ని దాటాడు. మూడేళ్లు తిరిగేసరికి జెర్రీ రైస్ లార్జెంట్‌ను దాటేసి, ఆగకుండా 197 దాకా వెళ్లిపోయాడు. ఆ అంకె దరిదాపులకు ఇప్పటికీ ఎవరూ రాలేదు.

ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన ఈ రికార్డు వెనక మరో కథ ఉంది. ఈ ముగ్గురూ పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఉన్నప్పుడు ఆటగాళ్లను అంచనా వేయడమే వృత్తిగా పెట్టుకున్నవాళ్లు వీళ్లకు తక్కువ మార్కులే వేశారు. హట్సన్ మరీ బక్కపలచన అన్నారు. లార్జెంట్‌కు ఎత్తూ లేదు, వేగమూ లేదు అన్నారు. రైస్‌కైతే పెద్ద యూనివర్సిటీలు స్కాలర్‌షిప్పే ఇవ్వలేదు. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. ఒకే రికార్డు విషయంలో మూడుసార్లూ అదే జరిగిందంటే, వాళ్లు కొలుస్తున్నదానిలోనే ఏదో లోపం ఉందనుకోవాలి.

వైడ్ రిసీవర్ అంటే వరుసకు ఓ అంచున నిలబడి, ఆట మొదలవగానే ముందే నిర్ణయించిన దారిలో పరిగెత్తి, క్వార్టర్‌బ్యాక్ విసిరే బంతిని అందుకునే ఆటగాడు. లాంగాన్‌లో ఫీల్డర్ వెనక్కి తిరిగి పరిగెడుతూ, భుజం మీదుగా వచ్చే బంతిని అందుకోవడం మనం చూస్తుంటాం. అదే పనిని, పక్కనే మరొకడు భుజం రాసుకుంటూ పరిగెడుతూ ఆఖరి క్షణంలో చెయ్యి అడ్డం పెడుతుంటే చేయాలి. పైగా చాలాసార్లు రిసీవర్ ఇంకా వెనక్కి తిరగకముందే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతిని వదిలేస్తుంది. ఫలానా చోటికి ఫలానా అడుగుకు వీడు వస్తాడన్న నమ్మకంతోనే అతను విసురుతాడు.

నిజానికి ఈ ఆటలో బంతిని ముందుకు విసరడం మొదట్లో నిషిద్ధం. 1905లో కుమ్ములాటల్లో కుర్రాళ్ల ప్రాణాలు పోతుంటే సాక్షాత్తు అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ యూనివర్సిటీల వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించారు. మరుసటి ఏడాది నియమాలు మారి, ముందుకు పాస్ వేయడం చట్టబద్ధమైంది. 1906 సెప్టెంబరు 5న విస్కాన్సిన్‌లోని వాకెషాలో సెయింట్ లూయీ యూనివర్సిటీ ఆటగాడు బ్రాడ్‌బరీ రాబిన్సన్ తొలి పాస్ వేశాడు. అది నేలపాలైంది. అప్పటి నియమం ప్రకారం బంతి ఎదుటి జట్టుకు పోయింది. తర్వాత వేసిన పాస్‌ను జాక్ ష్నైడర్ పట్టుకుని టచ్‌డౌన్ చేశాడు. ఈ ఆటలో నమోదైన మొదటి రిసీవర్ అతనే.

ఆ తర్వాత పాతికేళ్ల పైచిలుకు కాలం కోచ్‌లు రిసీవర్ అంటూ ప్రత్యేకంగా ఎవరినీ వెతకలేదు. వరుస చివర నిలబడే ఆటగాడికి బలం ఉండాలి, ఎదుటివాణ్ని తోసెయ్యాలి. అవసరమైతే బంతి పట్టాలి. ఆ లెక్క మార్చినవాడు హట్సన్. ఆర్కన్సా రాష్ట్రం పైన్ బ్లఫ్ ఊరి కుర్రాడు, అలబామా యూనివర్సిటీలో చేరాడు. 1935 జనవరి 1న రోజ్ బౌల్‌లో స్టాన్‌ఫర్డ్ మీద పాసులు పట్టి రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఆరోజు అలబామా వరుసకు రెండో చివరన నిలబడినవాడు పాల్ బ్రయంట్. తర్వాతి కాలంలో అదే అలబామాకు కోచ్‌గా దేశం మొత్తం పేరు మోగించిన ‘బేర్’ బ్రయంట్ అతనే. హట్సన్ ప్రొఫెషనల్ లీగ్‌లో అడుగుపెట్టాక ఒకవైపు పోతున్నట్టు నటించి ఇంకోవైపు తిరగడం, వేగం తగ్గించి ఒక్కసారిగా పెంచడం లాంటివాటిని ఒక విద్యగా తీర్చిదిద్దాడు. ఈనాటి రిసీవర్లు నేర్చుకునే ‘రూట్’లకు పునాది అక్కడ పడింది.

1940ల్లో క్లీవ్‌లాండ్ కోచ్ పాల్ బ్రౌన్ తన ఆటగాళ్లను 40 గజాల దూరం పరిగెత్తించి, స్టాప్‌వాచ్‌తో కొలవడం మొదలుపెట్టారు. పంట్ కొట్టిన, అంటే కాలితో ఎదుటివైపు దూరంగా తన్నిన బంతి సుమారు అంత దూరం పోతుంది కాబట్టి దాని వెనక ఎవడు త్వరగా చేరతాడో తెలుసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. అంత చిన్న అవసరానికి పుట్టిన కొలత తర్వాతి కాలంలో కుర్రాళ్ల తలరాతలు రాసేదైపోయింది.

అలా అవ్వడానికి బలమైన కారణమే ఉంది. ఆ కారణం పేరు బాబ్ హేస్. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో 10.0 సెకన్లలో వంద మీటర్ల స్వర్ణం గెలిచి, మరుసటి ఏడాది డాలస్ కౌబాయ్స్ జట్టులో రిసీవర్‌గా దిగాడు. అతన్ని ఒంటరిగా ఎదుర్కోవడం ఎవరి తరమూ కాలేదు. జట్లు తమ రక్షణ పద్ధతులనే మార్చుకుని, మనిషికి మనిషి కాపలా మాని ప్రాంతాలు పంచుకుని కాయాల్సొచ్చింది. ఇక అందరూ పరుగుపందెం వీరుల వెంట పడ్డారు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అదే వంద మీటర్లు గెలిచిన జిమ్ హైన్స్‌ను మయామీ డాల్ఫిన్స్ తీసుకుంది. ఆ జట్టుకు అతను పట్టినవి రెండే రెండు పాసులు, వాటితో సాధించిన దూరం 23 గజాలు. హేస్ ఫ్లోరిడా ఎ అండ్ ఎం యూనివర్సిటీలో కోచ్ జేక్ గైథర్ దగ్గర ఫుట్‌బాల్ ఆడుతూనే పరిగెత్తినవాడు. హైన్స్ పరుగువీరుడు మాత్రమే. గడియారం ఇద్దరికీ దాదాపు ఒకే అంకె చూపించింది.

ఇక్కడొక మాట చెప్పుకోకపోతే ఈ చరిత్ర అబద్ధమవుతుంది. హేస్ ఫ్లోరిడా ఎ అండ్ ఎంలో ఆడటానికి కారణం, తెల్లవారి యూనివర్సిటీ తలుపులు అతనికి మూసి ఉండటమే. దక్షిణాది రాష్ట్రాల్లో అలాంటి యూనివర్సిటీలు 1960ల మధ్య వరకూ నల్లజాతి కుర్రాళ్లను అంచనా వేయడం అటుంచి, వాళ్లవైపు చూడనే లేదు. డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ కోచ్ హేడెన్ ఫ్రై 1965లో బోమాంట్ ఊరికి చెందిన జెర్రీ లెవయస్‌కు స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఆ ప్రాంత యూనివర్సిటీల కూటమి సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ఫుట్‌బాల్‌లో స్కాలర్‌షిప్ అందుకున్న తొలి నల్లజాతి ఆటగాడు అతనే. చిన్న శరీరం, మెరుపు కాళ్లు. మైదానంలో అతని మీద ఉమ్మేశారు, చంపుతామని బెదిరించారు. 1966లో అతను బరిలో దిగిన తొలి ఏడాదే జట్టు కాన్ఫరెన్స్ ఛాంపియన్ అయింది. ఇవాళ డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లో వేలాది తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ సందడి మన పిల్లలకూ అలవాటైంది. ఆ మైదానాల్లో అన్ని రంగుల కుర్రాళ్లూ ఇప్పుడు ఒకే జట్టులో ఆడుతున్నారంటే అందులో లెవయస్ పడిన బాధ ఉంది.

లార్జెంట్ సంగతి వేరు. టల్సా యూనివర్సిటీలో 1974, 75ల్లో వరుసగా రెండేళ్లు దేశంలో అందరికన్నా ఎక్కువ టచ్‌డౌన్ పాసులు పట్టాడు. అయినా 1976లో, జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, అతన్ని నాలుగో రౌండ్‌లో తీసుకున్న హ్యూస్టన్ జట్టు, సన్నాహక ఆటలు నాలుగు చూసి వదిలించుకోబోయింది. అప్పుడే పుట్టిన సియాటిల్ జట్టు ఎనిమిదో రౌండ్ ఎంపిక ఒకటి ఇచ్చి తెచ్చుకుంది. ఎందుకంటే సియాటిల్ కోచ్‌లలో ఒకరైన జెర్రీ రోమ్ అంతకుముందు టల్సాలో పనిచేశారు. లార్జెంట్‌ను రోజూ ప్రాక్టీసులో చూసిన మనిషి. హ్యూస్టన్ వాళ్ల కాగితాల్లో లేనిదేదో ఆయన కళ్లలో ఉంది.

ఇక రైస్. మిసిసిపీలో క్రాఫర్డ్ అనే చిన్న ఊరు. తండ్రి తాపీ మేస్త్రి. వేసవి సెలవుల్లో కొడుకులంతా తండ్రి వెంట పనికి పోయేవారు. జెర్రీ పరంజా మీద నిలబడితే అన్నదమ్ములు కింది నుంచి ఇటుకలు విసిరేవారు. ఒక్కోసారి నాలుగు ఇటుకలు పేర్చి ఒకేసారి పైకి విసిరితే అవి గాల్లో విడిపోయి తలో వైపు పోయేవి. నాలుగింటినీ పట్టాలి. ఇటుకను మెత్తగా అందుకోకపోతే అరచెయ్యి చీరుకుపోతుంది. బంతిని గుండెకు హత్తుకోకుండా వేళ్లతోనే అందుకుని, తాకిడిని మణికట్టుతో మింగేసే ఆ చేతులు అక్కడ తయారయ్యాయి. స్కూల్లో క్లాసు ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు అతను పారిపోయిన తీరు చూసి స్కూలు పెద్దలు కోచ్‌కు చెప్పారట. ఫుట్‌బాల్‌లోకి వచ్చింది అలాగే.

కూతవేటు దూరంలో స్టార్క్‌విల్‌లోనే మిసిసిపీ స్టేట్ యూనివర్సిటీ ఉంది. వాళ్లు స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. రైస్ కోసం వచ్చింది ఇట్టా బెనా అనే ఊళ్లోని మిసిసిపీ వ్యాలీ స్టేట్ కోచ్ ఆర్చీ కూలీ. నల్లజాతి విద్యార్థుల కోసం పెట్టిన చిన్న యూనివర్సిటీ అది. కూలీ నలుగురు రిసీవర్లను ఒకేవైపు నిలబెట్టి, చర్చల కోసం ఆగకుండా పాస్ మీద పాస్ వేయించేవారు. బంతి విసిరేవాడు విల్లీ టాటెన్. 1984లో ఆ జట్టు ఆటకు సగటున 60 పాయింట్లకు పైగా సాధించింది. రైస్ ఒక్కడే 27 టచ్‌డౌన్ పాసులు పట్టాడు. ఇప్పుడు ఆ యూనివర్సిటీ స్టేడియం పేరు రైస్-టాటెన్.

అంత చేశాక కూడా ప్రొఫెషనల్ జట్ల తరఫున ఆటగాళ్లను వెతికే స్కౌట్లకు ఓ అనుమానం మిగిలింది. 40 గజాల పరుగు 4.6 సెకన్ల పైనే ఉందన్నారు. మంచి రిసీవర్ 4.4లో పరిగెత్తాలని లెక్క. ఆ తేడా పందెం ముగింపు గీత దగ్గర మహా అయితే రెండు గజాలు. అదీ చేత్తో నొక్కే గడియారంతో కొలిస్తే, నొక్కే వేలి ఆలస్యంలోనే సగం కరిగిపోతుంది. 1985 డ్రాఫ్ట్‌లో అల్ టూన్, ఎడ్డీ బ్రౌన్ అనే ఇద్దరు రిసీవర్లను రైస్ కన్నా ముందు తీసుకున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కో కోచ్ బిల్ వాల్ష్ మాత్రం అంతకుముందు అక్టోబరులో హ్యూస్టన్ హోటల్ గదిలో టీవీలో రైస్ ఆట తునకలు చూసి మనసులో పెట్టుకున్నారు. తన ఎంపికలు వదులుకుని మరీ 16వ స్థానానికి ఎగబాకి అతన్ని తెచ్చుకున్నారు. తొలి నెలల్లో రైస్ బంతులు వదిలేస్తుంటే సొంత ప్రేక్షకులే గేలి చేశారు. వాల్ష్ ఆడిస్తూనే ఉన్నారు. డిసెంబరులో లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద ఒకే రాత్రి 241 గజాలు.

వాల్ష్ టీవీలో చూసింది ఏమిటి? కోచ్‌లు కొత్త రిసీవర్‌లో వెతికేది ఏమిటి? హైస్కూల్లో కాపలా కాసే కుర్రాడు సాధారణంగా ఏడెనిమిది గజాలు ఎడంగా నిలబడతాడు. వేగం ఉంటే చాలు, అతన్ని దాటిపోవచ్చు. యూనివర్సిటీలో మొదటి రోజే వాడు ముక్కుకు ముక్కు ఆనించి నిలబడి, ఛాతీ మీద చెయ్యేసి ఆపేస్తాడు. ఆ చేతిని తోసేసి తొలి రెండడుగులు ఎలా వేస్తాడో చూస్తే సగం తెలిసిపోతుంది. తర్వాత మలుపు. నిండు వేగంతో వెళ్తూ నడుము దించి, రెండు మూడు అడుగుల్లో ఆగి తిరగాలి. ఆగబోతున్నట్టు ముందే ఒళ్లు నిటారుగా లేపితే కాపలావాడు పసిగట్టేస్తాడు. పన్నెండు గజాలన్న చోట పదకొండుకే తిరిగితే బంతి ఇంకెక్కడికో పోతుంది. ఇక చేతులు. బంతి వస్తోందని ముందే చేతులు చాపితే, వెనక ఉన్నవాడు బంతి చూడకుండానే ఆ చేతుల్ని చూసి కొట్టేస్తాడు. మంచివాడు ఆఖరి క్షణం దాకా చేతులు ఎత్తడు, కళ్లూ పెద్దవి చేయడు. బంతి తనకు రాని ఆటల్లో ఎదుటివాణ్ని అడ్డుకోవడానికి ఒళ్లు వంచుతాడా లేదా అన్నది కూడా కోచ్‌లు రాసుకుంటారు. మెరుపుల వీడియోలో ఇవేవీ కనిపించవు, ఎందుకంటే అందులో బంతి పట్టిన ఆటలే ఉంటాయి.

1990ల చివర్లో ఇంటర్నెట్ విస్తరించాక ప్రతి హైస్కూల్ ఆటగాడికీ నక్షత్రాలు ఇచ్చే వ్యాపారం పెరిగింది. అయిదు నక్షత్రాలంటే ఆకాశానికెత్తడమే. ఆ లెక్కల్ని నేను కొట్టిపారెయ్యను. పెద్ద జట్ల విజయాలకూ నక్షత్రాలకూ సంబంధం ఉన్నమాట వాస్తవం. కానీ చూడని ఊళ్లలో ఉన్నవాడికి నక్షత్రం ఎవరిస్తారు? వాషింగ్టన్ రాష్ట్రం యాకిమాలో కూపర్ కప్ హైస్కూల్ ముగించేసరికి అతని వెంట పడిన పెద్ద యూనివర్సిటీ లేదు. ఈస్టర్న్ వాషింగ్టన్, ఐడహో స్టేట్ మాత్రమే పిలిచాయి. తాత, తండ్రి ఇద్దరూ ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడినవాళ్లే అయినా అంతే. ఈస్టర్న్ వాషింగ్టన్ కోచ్‌లు మొదటి ఏడాది అతన్ని ఆడించకుండా ప్రాక్టీసులోనే ఉంచారు. 2013లో బరిలో దిగాక ఆ స్థాయి యూనివర్సిటీల్లో ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే పురస్కారం అందుకున్నాడు. దాని పేరు జెర్రీ రైస్ అవార్డు. నాలుగేళ్లలో 428 పాసులు, 6,464 గజాలు, 73 టచ్‌డౌన్లు. ప్రొఫెషనల్ డ్రాఫ్ట్‌కు ముందు పరిగెత్తిస్తే మళ్లీ అదే 4.6 చిల్లర, మూడో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 2021 సీజన్లో పాసులు, గజాలు, టచ్‌డౌన్లు మూడింటా లీగ్‌లో మొదటివాడు, ఆపై లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో అత్యుత్తమ ఆటగాడు.

నాకు ఎక్కువ బెంగ కలిగించేది జస్టిన్ జెఫర్‌సన్ అనే రిసీవర్ కథ. అన్నలిద్దరూ లూసియానా స్టేట్ యూనివర్సిటీకి ఆడినవాళ్లు. అతనూ 2017లో అక్కడే చేరాడు. ఆ ఏడాది పట్టిన పాసులు సున్నా. రెండో ఏడాది 54. మూడో ఏడాది 111, అందులో 18 టచ్‌డౌన్లు, జట్టుకు జాతీయ టైటిల్. సున్నా చూసిన సంవత్సరంలో కోచ్‌లు అతన్ని వదిలేయలేదు, అతనూ జట్టు వదిలిపోలేదు. అప్పట్లో యూనివర్సిటీ మారితే ఒక ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన నియమం ఉండేది. 2021 నుంచి అది సడలింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకునే హక్కూ వచ్చింది. ఆ హక్కు రావాల్సిందే, కుర్రాళ్ల కష్టంతో యూనివర్సిటీలు కోట్లు గడించాయి. అయితే ఇప్పుడు తొలి సీజన్లో బంతి రాని కుర్రాడు అది ముగియగానే ఇంకో చోటు వెతుక్కుంటున్నాడు. మరో యూనివర్సిటీలో రెండేళ్లు ఆడి నిరూపించుకున్నవాణ్ని తెచ్చుకుంటే సరిపోతుంది కదా అని కోచ్ కూడా హైస్కూల్ కుర్రాడి మీద ఓపిక పెట్టడం తగ్గించాడు. ఆగస్టు ప్రాక్టీసు నుంచి నవంబరు దాకా దొరికే ఆ నాలుగు నెలల్లో, ముక్కుకు ముక్కు ఆనించి నిలబడినవాణ్ని ఎలా దాటాలో ఇంకా నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల పిల్లాడి మీద తీర్పు రాసేస్తున్నారు.