రెండు మాత్రలు, ఒక భీమవరం మనిషి

మేము ఇంట్లో తెలుగే మాట్లాడుకొంటాము. చదవడం, రాయడం మాత్రం మాలో చానామందికి తమిళంలోనే. అందుకని మన భాష వాళ్ళు చేసిన పనులు మన పిల్లకాయలకు తెలియకుండానే పోతున్నాయి. ఈసారి యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి రాసిపెడుతున్నాము. పేరు వినకపోయినా, ఆయన పని మాత్రం మాత్రల రూపంలో ప్రతి ఇంటికీ వచ్చే ఉంటుంది.

ఆయన పుట్టింది 1895 జనవరి 12న, భీమవరంలో. మెట్రిక్యులేషను మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్లో. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరినాడు. గాంధీ గారి పిలుపు విని ఆపరేషను గదిలో కూడా ఖద్దరు గౌనే తొడుక్కొన్నాడు. అది తెల్ల ప్రొఫెసరుకు గిట్టలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్. రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికిచ్చి పంపినారు. ఖద్దరు విలువ మన ఊరికి ఎవరూ చెప్పక్కరలేదు. 1932 జనవరిలో చేతి జెండా వదలకుండా లాఠీ దెబ్బలు తిని కుమరన్ ప్రాణమిచ్చింది ఈ వీధుల్లోనే.

అప్పటికే వాళ్ళ ఇంట్లోకి సంగ్రహణి జబ్బు వచ్చింది. ఇంగ్లీషు డాక్టర్లు దీన్ని స్ప్రూ అంటారు. నాలుక పుండై, విరేచనాలు ఆగక, తిన్నది ఒంటికి పట్టక మనిషి ఎండిపోతాడు, రక్తం పలచబడిపోతుంది. అన్నదమ్ములను ఆ జబ్బు తీసుకుపోయింది. ఆయనకూ వచ్చింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. మద్రాసు ఆయుర్వేద కాలేజీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో అమెరికా ఓడెక్కినాడు. భార్య శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయినారు. ఆయన మళ్ళీ తిరిగి రాలేదు.

హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరం కొలిచే పద్ధతి కనిపెట్టినాడు. 1925 నాటి ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి.ల మీద పని కూడా అక్కడే జరిగింది. అంత చేసినా అక్కడ శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ కంపెనీకి పోయినాడు.

ఇక ఫోలిక్ యాసిడ్ కథ. దీని మొదలు మనకు దగ్గరే. 1928 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి నూలు మిల్లుల్లో పనిచేసే గర్భిణీ ఆడవాళ్ళ రక్తహీనత చూసింది. మన పక్కనున్న కూనూరులో కూడా పరిశోధన చేసింది. ఈస్టు సారం పెడితే రక్తం పడుతుందని 1931లో చెప్పింది గాని, ఆ సారంలో పనిచేసే పదార్థం ఏదో అప్పటికి తేలలేదు. 1945లో సుబ్బారావు గారి బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. క్యూబా, ప్యూర్టో రికోల్లో డాక్టర్లు సంగ్రహణి రోగులకు ఇచ్చి చూస్తే రక్తం పడింది, ఆకలి పుట్టింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు ఆయన చేతి మీదుగానే వచ్చింది.

ఇది ఎట్లా పనిచేస్తుందంటే, మన పేగు లోపలి పొర కొద్దిరోజులకొకసారి కొత్తగా పుడుతుంది. రక్తకణాలూ అంతే. కొత్త కణం పుట్టాలంటే డి.ఎన్.ఏ. తయారవాలి, దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. అది లేకపోతే పేగూ, రక్తమూ రెండూ దెబ్బతింటాయి. మరి క్యాన్సరు కణం? అది ఇంకా ఆత్రంగా పెరిగేది. దానికి ఈ మేత దొరక్కుండా చేస్తే?

బోస్టన్‌లో పిల్లల డాక్టరు సిడ్నీ ఫార్బర్ అడిగింది ఇదే. ఫోలిక్ యాసిడ్‌లా కనిపించి దాని పనిని అడ్డుకొనే అమినాప్టెరిన్‌ను లెడర్లీ బృందం తయారుచేసి పంపింది. రక్త క్యాన్సరు వచ్చిన 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు కొన్నాళ్ళు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ వ్యాసం అచ్చయింది. ఆగస్టులో సుబ్బారావు గారు గుండె ఆగి పోయినారు. వయసు 53.

దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1956లో గర్భసంచిలో పుట్టే కొరియోకార్సినోమా క్యాన్సరును అది నయం చేసింది. ఇప్పుడు కీళ్ళవాతానికి ఇస్తారు. 1995లో అచ్చయిన పరిశోధన తర్వాత పేగు వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుకూ వాడుతున్నారు.

కీళ్ళవాతానికి ఈ మందు వాడే పెద్దవాళ్ళ చీటీ చూడండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్, చాలామందికి వేరే రోజున. ఒకటి కణానికి మేత పెట్టేది, రెండోది మేత ఆపేది. రెండూ ఆ ఒక్క మనిషి నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చినవే. వారం మాత్రను మరిచిపోయి రోజూ మింగితే నోరు పుండవుతుంది, పేగు చెడుతుంది, రక్తం పడిపోతుంది, ప్రాణానికే ముప్పు. కాబట్టి అవ్వకు, తాతకు చీటీ చదివిపెట్టే పిల్లకాయలు ఆ వారం ఏదో గుర్తుపెట్టుకోవాలి. ఆ మాత్ర ఇచ్చేటప్పుడు భీమవరం సుబ్బారావు గారి పేరు కూడా ఒకసారి చెప్పండి.