సంగ్రహణి నుంచి ఎర్ర మాత్ర దాకా



మన సోలాపురం పూర్వభాగంలో, సాంచల చప్పుడు ఆగని పేటల్లో, ‘ఒంట్లో రక్తం లేదు’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. కండెలు చుట్టే అమ్మ, బీడీలు చుట్టే అక్క, కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు, ఎవరి ముఖం పాలిపోయినా మనం అనేది ఆ మాటే. వెంటనే ఒక టానిక్కు సీసా తెస్తాం. అయితే ఆ రక్తం ఎందుకు తగ్గిందన్న ప్రశ్న మాత్రం వేసుకోం. ఒక్కొక్కప్పుడు దానికి జవాబు రక్తంలో ఉండదు, పేగుల్లో ఉంటుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి వైద్యులకు చాలాకాలం పట్టింది. ఆ చరిత్రలో మన తెలుగువాడి పాత్ర పెద్దది.

మన పెద్దలు సంగ్రహణి అని ఒక జబ్బును చెప్పేవారు. మరాఠీలోనూ దాన్ని సంగ్రహణీ అనే అంటారు. చరక సంహితలో గ్రహణి చికిత్సకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. నెలల తరబడి విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, మనిషి చిక్కి శల్యమవడం దీని లక్షణాలు. పాశ్చాత్య వైద్యులలో విలియం హిల్లరీ అనే ఆయన 1759లో బార్బడోస్ దీవిలో ఇలాంటి జబ్బునే వర్ణించాడు. జావాలోని డచ్చివారు దీన్ని ‘స్ప్రూ’ అనేవారు. 1880లో పాట్రిక్ మాన్సన్ ఆ పేరును ఇంగ్లీషు వైద్యంలోకి తెచ్చాడు. ఉష్ణదేశాల్లో కనబడే జబ్బు కాబట్టి తర్వాత ‘ట్రాపికల్ స్ప్రూ’ అయింది.

ఈ జబ్బులో వైద్యులను తికమక పెట్టినది విరేచనాలు కాదు. కడుపుతో సంబంధం లేనట్టు కనిపించే చిక్కులు. నాలుక ఎర్రబడి, పుండై, కారం తగిలితే మండుతుంది. ముఖం తెల్లబోతుంది. రక్తాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలు తక్కువగా, ఉన్నవి మామూలుకన్నా పెద్దవిగా కనిపిస్తాయి. ఇనుము లోపిస్తే కణాలు చిన్నవవుతాయి, ఇక్కడ పెద్దవయ్యాయి. బయటికి రెండూ ఒకే పాలిపోవడం, లోపల మాత్రం రెండు వేర్వేరు లోపాలు.

ఇలా ఎందుకవుతుంది? చిన్నపేగు లోపలి గోడ మీద తువ్వాలు పోగుల్లాంటి సన్నని మొలకలు ఉంటాయి. అన్నసారాన్ని పీల్చుకునేవి అవే. ఈ జబ్బులో అవి అరిగి పొట్టివవుతాయి. అప్పుడు ఎంత మంచి తిండి తిన్నా సారం ఒంటికి అందదు. ఎముకల మూలుగలో కొత్త రక్తకణాలు సరిగా తయారు కావడానికి కావలసిన పదార్థం కూడా అందదు. ఆ పదార్థమేమిటో అప్పట్లో ఎవరికీ తెలియదు.

దాని జాడ మొదట దొరికింది మన బొంబాయిలోనే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకు తీవ్రమైన రక్తహీనత వచ్చేది. అందులోనూ కణాలు పెద్దవే. ఆమె సూక్ష్మజీవి కోసం వెతికింది, దొరకలేదు. తిండి వైపు చూసింది. పులియబెట్టే ఈస్టు సారంతో తయారయ్యే చవకైన ‘మార్మైట్’ తినిపిస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆ సంగతి ప్రకటించింది. పేరు తెలియని ఆ పదార్థాన్ని చాలాకాలం ‘విల్స్ ఫ్యాక్టర్’ అనే పిలిచారు. 1941లో పాలకూర నుంచి తీసిన ఒక పదార్థానికి, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాటను బట్టి, ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

ఇక మనవాడి కథ. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. ఆయన అన్నదమ్ముల్లో ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో ఈ స్ప్రూ జబ్బుకే బలయ్యారు. ఆయనకూ అది సోకిందనీ, ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతిగారి మందుతో తేరుకున్నారనీ జీవితచరిత్రకారులు రాశారు. తర్వాత ఆయన అమెరికా చేరి హార్వర్డులో ఉష్ణదేశాల వైద్యం చదివారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా కూడా పనిచేశారు.

ఆ రోజుల్లో మరో రకం రక్తహీనతకు జంతువుల కాలేయం తినిపిస్తే నయమవుతుందని 1926లో మైనాట్, మర్ఫీ చూపారు. కాలేయంలో ఉన్న ఆ మహత్తు ఏమిటన్న అన్వేషణలో సుబ్బారావుగారు కూడా చేరారు. 1940లో లెడర్లే సంస్థకు వెళ్ళి పరిశోధనలకు నాయకత్వం వహించారు. కాలేయం నుంచి తీసిన పదార్థంతో సరిపోయే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో ప్రయోగశాలలో తయారు చేసింది. మరుసటి ఏటికల్లా టామ్ స్పీస్ మొదలైన వైద్యులు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశారు. నాలుక పుండు మానింది, ఆకలి పుట్టింది, రక్తం పట్టింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు మందు ఆ సోదరుడి ప్రయోగశాల నుంచే వచ్చింది.

పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదు, పేక కూడా కావాలి. స్ప్రూకి ఫోలిక్ ఆమ్లంతో పాటు టెట్రాసైక్లిన్ జాతి మందును కొన్ని నెలలు ఇవ్వాలని తర్వాత తేలింది. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. దాన్ని కనుగొన్నది బెంజమిన్ డగ్గర్, అదీ సుబ్బారావుగారు నడిపిన లెడర్లే పరిశోధనశాలలోనే. ఆ ఏడే ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా చరిత్రలో ఉంది. రక్తకణాలు పెద్దవవడానికి బి12 విటమిన్ లోపం కూడా కారణం కావచ్చు. అలాంటివారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టే కనిపిస్తుంది, కాని కాళ్ళ తిమ్మిర్లు, నడకలో తూలుడు ముదురుతాయి. నరాలు దెబ్బతింటాయి. అందుకే పరీక్ష చేయించకుండా మందులషాపులో అడిగి ఏళ్ళ తరబడి మాత్రలు మింగడం మంచిది కాదు.

1960ల మొదట్లో ఉత్తర ఆర్కాటు గ్రామాల్లో స్ప్రూ అంటువ్యాధిలా వ్యాపించినప్పుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన బేకర్, మథాన్ మొదలైనవారు దాన్ని లోతుగా పరిశీలించారు. ఈ జబ్బు ఇప్పుడు బాగా తగ్గింది. కాని పేగుల క్షయ, గోధుమ పడని జబ్బు, జియార్డియా అనే క్రిమి కూడా ఇలాంటి వేషమే వేస్తాయి. వీటిలో ఒకదాని మందు మరొకదానికి పనికిరాదు. ఏది ఏదో తేల్చవలసింది వైద్యుడే.

మనం చేయవలసిన పని వేరే ఉంది. విరేచనాల సంగతి ఒకరికి, నాలుక మంట మరొకరికి, నీరసం ఇంకొకరికి చెప్పుకుంటే జబ్బు పట్టుబడదు. అన్నీ ఒక్క వైద్యునికే చెప్పాలి. సిగ్గుపడి మలం సంగతి దాచవద్దు. స్ప్రూని గుర్తుపట్టిన ప్రతి వైద్యుడూ నాలుకను, రక్తాన్ని, మలాన్ని కలిపి చూసినవాడే.

ఇక గర్భిణులకు సర్కారు తరఫున ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్ర. మలం నల్లగా వస్తుందని, వికారంగా ఉంటుందని కొందరు దాన్ని అటకమీద పడేస్తారు. మలం నల్లబడటం అందులోని ఇనుము వల్ల, దానికి భయపడనక్కర్లేదు. ఆ ఇనుముతో పాటు అందులో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. బొంబాయి మిల్లు స్త్రీల రోగం, భీమవరం ఇంటి దుఃఖం కలిసి మనకిచ్చిన మందు అది. మన కోడలు, మన కూతురు దాన్ని రోజూ వేసుకుంటోందో లేదో ఈ సాయంత్రమే ఒక్క మాట అడుగుదాం.