పడుగు ఇయ్యన్నా

2020 మార్చి 25 నుంచి కరోనా వల్ల దేశమంతా మూతపడుతుందన్న వార్త భూదాన్ పోచంపల్లిలో ఒక మాస్టర్ వీవర్‌ని మొదట భయపెట్టలేదు. ఇల్లు కదలొద్దంటే నేతగాడికి కొత్తేముంది? మగ్గం ఇంట్లోనే. "మనకేమైతది? తలుపులేసుకొని నేసుకుందాం" అని తన కింద నేసేవాళ్లకు ధైర్యం చెప్పాడు.

మగ్గాలు నడిచినై. చీరలే కదల్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ గాథలో కనిపించేది ఒక్క కుటుంబం కాదు. 2020, 2021లో చేనేత ఇళ్లు పడ్డ కష్టాన్ని ఒక మనిషి మీదుగా చెబుతున్నాను. అందుకే పేర్లు లేవు.

ఆయన చేసే వ్యాపారమంతా నమ్మకం మీద నడిచేది. పట్టు తెస్తాడు, డిజైన్ గీయిస్తాడు, పోగులకు చిటికి (ఇక్కత్ ముడులు) కట్టించి రంగులద్దిస్తాడు, పడుగు, పేక నేతగాళ్లకు ఇస్తాడు. చీరకింత అని కూలి. తయారైన చీరలు హైదరాబాద్ దుకాణాలకు అరువు మీద పోతాయి. డబ్బు నెలల తర్వాత వస్తుంది. ఏప్రిల్, మే పెళ్లిళ్లే ఆ చక్రాన్ని తిప్పేవి. ఆ ఏడాది పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి, లేదంటే గుమ్మంలోనే అయిపోయాయి. పాత బాకీ అడిగితే కొందరు ఫోనెత్తలేదు. ఎత్తినవాళ్లు సరుకు వాపసు తీసుకుపొమ్మన్నారు.

బీరువాలు నిండాయి. పట్టుచీర ఊరికే పెట్టి ఉంచితే చెడుతుంది. మడత దగ్గర పోగు తెగుతుంది, వానాకాలం తేమకు జరీ నల్లబడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో చీరా విప్పి, మడతలు మార్చి, మళ్లీ పెట్టేవాళ్లు. అమ్ముడుపోని సరుకుకు చేసే చాకిరీ అది. దానికి కూలి లేదు.

జూన్‌లో, మగ్గం మీదున్న పడుగు అయిపోయిన నేతగాడు గడపలో నిలబడ్డాడు.

"పడుగు ఇయ్యన్నా."

"నేసి ఏం జేస్తం తమ్మీ? బీరువా తెరిచి సూడు."

"కూలి సగమియ్యి. ఖాళీ మగ్గం ముంగట కూసోబుద్ధయితలేదు."

ఇస్తే చేతిలో మిగిలిన కాస్త డబ్బూ పట్టులో ఇరుక్కుంటుంది. ఇవ్వకపోతే ఈ మనిషి హైదరాబాద్ పోయి ఏదో అపార్ట్‌మెంట్ ముందు వాచ్‌మన్‌గా నిలబడతాడు. చిటికి లెక్క తప్పకుండా పోగుకు పోగు కలిపి నేసే చెయ్యి ఒకసారి పోతే తిరిగి రావడం కష్టం. ఆయన ఇంట్లో బంగారం కుదువబెట్టి పట్టు కొన్నాడు. అందరికీ సరిపోలేదు. వంతులేసి ఇచ్చాడు. వంతు రానివాళ్లు కొందరు ఊరు విడిచారు.

మరి సాయం రాలేదా? వచ్చింది. రేషన్ బియ్యం వచ్చాయి, అవి కడుపు నింపాయి. నేతన్నకు చేయూత పథకంలో నేతగాడు తన సంపాదనలో 8 శాతం వేస్తే తెలంగాణ ప్రభుత్వం 16 శాతం కలిపేది. గడువు తీరకముందే ఆ సొమ్ము తీసుకోనిచ్చారు. నా లెక్కలో ఆ రోజుల్లో అన్నిటికంటే అక్కరకొచ్చిన సాయం అదే, ఎందుకంటే అది అప్పు కాదు. బ్యాంకు వాయిదాలకు ఆగస్టు 31 దాకా విరామం దొరికింది కానీ వడ్డీ ఆగలేదు. కేంద్రం 3 లక్షల కోట్ల గ్యారంటీ రుణాలు ప్రకటించింది. 2020 ఫిబ్రవరి 29 నాటికి ఉన్న బ్యాంకు బాకీలో 20 శాతం అదనంగా ఇస్తామన్నది అందులో లెక్క. బ్యాంకులో బాకీ ఉన్నవాడికే కొత్త అప్పు. కూలి నేతగాడి బాకీ ఉన్నది మాస్టర్ వీవర్ దగ్గర, మాస్టర్ వీవర్ బాకీలో చాలా భాగం పట్టు వ్యాపారి దగ్గర. ఆ కాగితాలు ఏ బ్యాంకు చూస్తుంది? ఇదే సమయంలో, జూలై 27న, చేనేతపై కేంద్రానికి సలహాలిచ్చే అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. జాతీయ చేనేత దినోత్సవానికి అప్పటికి పదకొండు రోజులే ఉంది.

చీరను కదిలించింది ఆయన కూతురు. పెరట్లో తాడు కట్టి, ఎండలో చీర పరిచి ఫోన్‌లో వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టింది. బెంగళూరు నుంచి, అమెరికాలోని తెలుగువాళ్ల నుంచి ఆర్డర్లు వచ్చాయి. కొరియర్ నడిచిన రోజుల్లో పంపారు, మిగిలిన ముక్కలతో మాస్కులు కుట్టారు. దళారి లేకుండా కొన్నవాళ్ల డబ్బు వెంటనే చేతికొచ్చింది. అయితే పోటీ కూడా అక్కడే ఎదురైంది. ఇక్కత్ డిజైన్‌ను మిషన్ మీద అచ్చు వేసిన చీరలు అదే పోచంపల్లి పేరుతో చవగ్గా అమ్ముడుపోతున్నాయి. ఫోన్ తెరమీద రెంటికీ తేడా ఏం తెలుస్తుంది?

2021లో మళ్లీ పెళ్లిళ్ల కాలానికే కరోనా రెండో అల వచ్చింది. మే 12 నుంచి తెలంగాణలో లాక్‌డౌన్. తర్వాత పట్టు ధర పెరిగింది. వస్త్రాల మీద జీఎస్టీని 5 నుంచి 12 శాతం చేయాలన్న నిర్ణయాన్ని వ్యాపారుల ఆందోళన తర్వాత డిసెంబర్ 31న వాయిదా వేశారు. అమలుకు అప్పటికి ఒక్కరోజే మిగిలింది.

ఇప్పుడు ఆయన అడిగేది మరో రుణమేళా కాదు. కొనేవాడు లేనప్పుడు ఇచ్చే అప్పు బీరువాలోని సరుకు మీద వడ్డీ పెంచడమే అవుతుందని ఆయన వాదన. నేనూ అంతే అంటాను. సీజన్ దెబ్బతిన్న ఏడాది మిగిలిన చీరల్లో కొంతైనా సహకార సంఘాల ద్వారా సర్కారు పెట్టుబడి ధరకు కొనాలి. అచ్చు చీరను పోచంపల్లి పేరుతో అమ్మేవాళ్ల మీద కేసులు పెట్టాలి. చీర డబ్బు చేతికొస్తే పట్టు ఆయనే కొనుక్కుంటాడు, వంతులు లేకుండా పడుగులిస్తాడు. వాచ్‌మన్ పనికి పోయినవాళ్లలో ఇద్దరు ఇంకా ఫోన్ చేసి అడుగుతూనే ఉన్నారు, "అన్నా, పడుగు ఉంటే చెప్పు, వస్తం" అని.